గులాబీ రేకుల్లో ప్రాణం

మొన్న డిసెంబరు సెలవుల్లో ఒక పొద్దున్నే కాఫీ కప్పు పట్టుకుని హాల్లోకి వచ్చేసరికి గోడ మీద బాపు బొమ్మ కనబడలేదు. ఫ్రేము ఉంది, మేకు ఉంది, కానీ బొమ్మ గోడకేసి తిరిగి ఉంది. మనకి కనబడేది వెనకాల అట్టముక్కే. హైదరాబాదు నుంచి సూట్‌కేసులో చీరల మధ్య భద్రంగా పెట్టుకుని తెచ్చుకున్న బొమ్మ అది. వాలుజడ, వారచూపు, చారెడేసి కళ్ళు. ఎవరింటికి వెళ్ళినా ఇలాంటిది ఒకటి ఉంటుంది కదా, అలాంటిదే.

మా ఆవిడ తను ముట్టుకోలేదంది. రాజమండ్రి నుంచి ఆరు నెలలు ఉందామని వచ్చిన మా అమ్మని అడిగితే, "నాకెందుకురా, అసలు నాకు అందుతుందా అది?" అంది. చివరికి తేలిందేమిటంటే, మా పదేళ్ళ అమ్మాయి రాత్రి కుర్చీ ఎక్కి తిప్పేసింది.

"షీ వాజ్ వాచింగ్ మీ, నాన్నా. నేను నడిస్తే ఆవిడ కళ్ళు కూడా వస్తున్నాయి."

నేను నవ్వాను. "పిచ్చిదానా, బొమ్మకి భయపడతారా ఎవరన్నా?" అన్నాను. ఆ నవ్వు ఎంత పొరపాటో నాకు రెండు రోజుల తరవాత గాని తెలియలేదు. ఆ సంగతి తరవాత చెబుతాను. ముందు ఈ గొడవకంతటికీ కారణమైన ఆట గురించి చెప్పాలి.

చూస్తే చిన్న పిల్లల ఆటలా ఉంటుంది

ఆట పేరు 'ఇబ్'. జపాన్‌లో కోరి అనే కలం పేరుతో ఒక వ్యక్తి తయారుచేసి 2012 ఫిబ్రవరిలో ఉచితంగా విడుదల చేసిన కంప్యూటరు ఆట. అదే ఏడాది ఒక అభిమాని దాన్ని ఇంగ్లీషులోకి అనువదించారు. పదేళ్ళ తరవాత, 2022లో, బొమ్మలన్నీ కొత్తగా గీసి, కొన్ని చిక్కుముళ్ళు మార్చి, కొత్త రూపంలో మళ్ళీ విడుదల చేశారు. 2023లో నింటెండో స్విచ్‌కి కూడా వచ్చింది. మా అమ్మాయి స్నేహితురాలెవరో చెబితే మేము కొన్నది ఈ కొత్త రూపమే.

ఇబ్ అంటే కథలోని పాప పేరు. తొమ్మిదేళ్ళ పిల్ల. ఒక రోజు అమ్మానాన్నలతో కలిసి గెర్టెనా అనే చిత్రకారుడి ప్రదర్శన చూడటానికి వెళుతుంది. (గెర్టెనా కల్పిత పాత్రే, వెతక్కండి.) పుట్టినరోజుకి ఇచ్చిన చేతిరుమాలు తెచ్చుకున్నావా అని వాళ్ళమ్మ అడుగుతుంది. మన అమ్మలు వాటర్ బాటిల్ పెట్టుకున్నావా అని అడిగినట్టే. పెద్దవాళ్ళు టికెట్ల దగ్గర నిలబడి ఉండగా ఇబ్ ఒక్కతే బొమ్మలు చూస్తూ పైకి వెళుతుంది. ఒక పెద్ద చిత్రం ముందు నిలబడుతుంది. దీపాలు ఒక్కసారి మినుకుమంటాయి. తిరిగి చూస్తే గ్యాలరీలో ఒక్క మనిషి లేడు. తలుపులు తెరుచుకోవు. కిందికి రమ్మని, రహస్యమైన చోటు చూపిస్తానని ఎవరో రంగుతో రాసి పిలుస్తారు. కింద నేల మీద లోతైన సముద్రపు చిత్రం ఒకటి ఉంటుంది. ఇబ్ ఆ నీళ్ళలోకి దిగిపోతుంది. అక్కడి నుంచి అంతా బొమ్మల లోపలి ప్రపంచం.

పై నుంచి చూస్తున్నట్టుండే గదులు, బొటనవేలంత పాప, నాలుగు బాణం మీటలు. అంతే. కత్తులు లేవు, తుపాకులు లేవు, ఎవరినీ చంపేది లేదు. తాళంచెవులు వెతకాలి, చిక్కుముళ్ళు విప్పాలి, ఏదన్నా వెంటబడితే పరిగెత్తాలి. మొదటిసారి చూసినప్పుడు "ఇదా హారర్ గేమ్? మా కాలేజీ రోజుల్లో వచ్చినట్టుంది!" అనుకున్నాను.

అసలు కిటుకు అక్కడే ఉంది. ఒక కారిడార్‌లో ఒక మనిషి చిత్రం ఉంటుంది. పక్కనుంచి మామూలుగా వెళుతుంటే అది దగ్గుతుంది. అంతే, ఇంకేమీ చెయ్యదు. కానీ ఆ తరవాత ప్రతి చిత్రం పక్కనుంచీ ఊపిరి బిగబట్టి నడుస్తాం. తల లేని విగ్రహం ఒకటి మొదటిసారి వెళ్ళినప్పుడు కదలకుండా నిలబడి ఉంటుంది. రెండోసారి వెళ్ళినప్పుడు నడుచుకుంటూ వస్తుంది. ఎర్రబట్టల ఆవిడ ఒకరు ఫ్రేములోంచి నడుము దాకా బయటికొచ్చి, ఫ్రేముతో సహా నేల మీద పాకుతూ వెంటబడుతుంది. ఇక మా ఇంట్లో బాపు బొమ్మ గోడకేసి తిరగడంలో ఆశ్చర్యమేముంది?

వాళ్ళకి 99తో ఆపే కథలు, మనకి చిలకలో ప్రాణం

అక్కడ ఇబ్‌కి ఒక ఎర్ర గులాబీ దొరుకుతుంది. అది ఆమె ప్రాణం. దానికి అయిదు రేకులు. ఏదైనా దెబ్బ తగిలితే ఒక రేకు రాలుతుంది. అయిదూ రాలితే ఆట అయిపోయినట్టే. మధ్యమధ్య పూలకూజాలు కనబడతాయి. వాటిలో పువ్వుని పెడితే రేకులు మళ్ళీ వస్తాయి.

మా అమ్మాయి ఇది ఆడుతుంటే సోఫాలో కూర్చుని చిక్కుళ్ళు గిల్లుతున్న మా అమ్మ కళ్ళజోడు పైకి తోసుకుని చూసింది.

"ఏమిటే ఆ పువ్వు?"

"దట్స్ హర్ లైఫ్, నానమ్మా. పువ్వు పోతే ఆ అమ్మాయి... పోతుంది."

"అంటే మాయల ఫకీరు చిలకన్నమాట!"

మాయల ఫకీరు ఎవరని మా అమ్మాయి అడిగింది. అంతే. బాలనాగమ్మ కథ మొదలయింది. ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల ఒక చిలకలో ఉండటం, బాలవర్ధిరాజు వెళ్ళి ఆ చిలకని పట్టుకోవడం. చిక్కుళ్ళు సగంలో ఆగాయి, ఆట సగంలో ఆగింది. ఒక గంట పోయాక చూస్తే ఇద్దరూ ఒకే దుప్పటి కప్పుకుని ఉన్నారు.

నిజం చెప్పాలంటే అంతకు ముందు రెండు నెలలు వాళ్ళిద్దరి మధ్యా మాటలు బాగా తక్కువ. "తిన్నావా?" "తిన్నాను." "స్కూలు అయిందా?" "అయింది." అక్కడితో సరి. పిల్లకి వచ్చిన తెలుగు వంటింటి దాకా చాలు, కథ దాకా చాలదు. మా అమ్మకి ఇంగ్లీషు రాదు. చలికాలం, బయటికి వెళ్ళే పని లేదు. గోడ మీద కేలండరు వైపు మా అమ్మ చూసే చూపు నేను గమనించకపోలేదు.

ప్రాణాన్ని ఒంట్లో కాక ఇంకెక్కడో దాచడమనే ఊహ చాలా దేశాల జానపద కథల్లో ఉంది. ఫకీరు దుర్మార్గుడు కాబట్టి చిలక దొరికితే బాగుండునని మనం కోరుకుంటాం. ఇక్కడ పువ్వు మన చేతిలోనే ఉంది, అదీ ఒక పసిపిల్ల చేతిలో. అందుకే ఒక్క రేకు రాలినా ప్రాణం ఉసూరుమంటుంది.

దీనికి దగ్గరగా జపాను వాళ్ళకీ ఒక పాత ఆచారం ఉంది. ఎడో కాలంలో, అంటే 1603 నుంచి 1868 వరకు సాగిన రోజుల్లో, రాత్రిపూట నలుగురూ ఒకచోట చేరి దయ్యాల కథలు చెప్పుకునే ఆట అది. పేరుకి వంద కథలు. వంద వత్తులు వెలిగించి, ఒక్కో కథ అవగానే ఒక్కో వత్తి ఆర్పేవారు. వందోది ఆరగానే నిజంగానే ఏదో వస్తుందని నమ్మకం. అందుకని చాలామంది తొంభైతొమ్మిదితో ఆపేసి తెల్లారేదాకా కూర్చునేవారట! వత్తులు ఒక్కొక్కటిగా ఆరడం, రేకులు ఒక్కొక్కటిగా రాలడం. ఎంత మిగిలిందో కళ్ళకి కనబడుతూ తరిగిపోతుంటే పుట్టే భయం వేరు. ఇంకో సంగతి కూడా గమనించండి. వాళ్ళు ఆ భయాన్ని ఒంటరిగా పడలేదు, పదిమందీ కలిసి కూర్చుని పడ్డారు.

నేను చేసిన ఘనకార్యం

ఈ రెండో సంగతి నాకు ఆలస్యంగా తట్టింది. మొదటి రోజు నేను చేసింది వేరు. పాప ఒక చిక్కుముడి దగ్గర ఆగిపోయింది. ఒక గదిలో వరుసగా చిత్రాలు వేలాడుతుంటాయి. ఒక్కొక్కటీ ఒక్కో మాట చెబుతుంది. వాటిలో నిజం చెప్పేది ఒక్కటే. ఎవరిది నిజమో తేల్చి, అది చెప్పిన చోటికి వెళ్ళాలి. ఇరవయ్యేళ్ళుగా ప్రోగ్రాములు రాస్తున్నవాణ్ణి, ఇలాంటివి కనబడితే చేతులు ఊరుకుంటాయా? "ఇలా తే" అని కీబోర్డు లాక్కుని, కాగితం మీద నాలుగు గీతలు గీసి, మూడు నిముషాల్లో తేల్చేశాను. తిరిగి చూస్తే పాప లేదు. తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

"ఇట్స్ నాట్ యువర్ హోంవర్క్, నాన్నా" అంది తలుపు అవతల నుంచి.

అటు భయపడితే నవ్వాను, ఇటు ఆలోచిస్తుంటే లాక్కున్నాను. రెండూ సహాయమనే అనుకున్నాను.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక, అసలీ ఆటలో ఏముందో చూద్దామని హెడ్‌ఫోన్లు పెట్టుకుని నేనొక్కణ్ణే మొదటి నుంచి మొదలుపెట్టాను. చీకట్లో ఆ కారిడార్ వచ్చింది. ఆ బొమ్మ దగ్గింది. నేను "అమ్మో!" అని అరిచిన అరుపు పై అంతస్తు దాకా వినబడిందట. కాఫీ కప్పు బోర్లాపడింది. మెట్ల మీద చిన్న అడుగుల చప్పుడు. మా అమ్మాయి నిలబడి చూస్తోంది.

"కాఫింగ్ మేన్?" అంది.

"అవును" అన్నాను.

నవ్వలేదు. వంటింట్లోకి వెళ్ళి పేపర్ టవల్ తెచ్చి ఇచ్చి, నా పక్కన కూర్చుంది. నేను నవ్వినప్పుడు తనకి ఎలా ఉండి ఉంటుందో అప్పుడు తెలిసింది.

పిరికివాడే, కానీ వదిలిపోడు

సరే, ఆటలోకి వద్దాం. కొంత దూరం వెళ్ళాక ఇబ్‌కి నేల మీద పడి మూలుగుతున్న ఒక యువకుడు కనబడతాడు. పేరు గ్యారీ. అతని నీలి గులాబీని చిత్రంలోంచి వచ్చిన ఒకావిడ రేకు రేకూ పీకుతూ ఉంటుంది. ఆ పువ్వుని ఎలాగో తెచ్చి నీళ్ళలో పెడితే అతను లేచి కూర్చుంటాడు. లేవగానే ఇబ్‌ని చూసి, ఇది కూడా ఇంకో దయ్యమేననుకుని భయపడిపోతాడు! తరవాత సర్దుకుని, నీలాంటి చిన్నపిల్ల ఒంటరిగా ఉండకూడదు, నేను తోడుంటానని ధీమాగా బయల్దేరతాడు. రెండడుగులు వేసేసరికి నాలుక చాచిన ఒక బొమ్మ ఉమ్మేస్తుంది. ఈ ధీరుడు కెవ్వుమని కింద పడతాడు.

మా అమ్మాయి నా వైపు చూసింది. నేను కాఫీ మరక వైపు చూశాను.

నాకు ఈ ఆటలో బాగా నచ్చింది ఈ గ్యారీయే. మన సినిమాల్లో అయితే పిల్లని కాపాడటానికి వచ్చినవాడు పదిమందిని కొట్టాలి. ఇతను ఎవరినీ కొట్టడు. బరువైన విగ్రహాలు అడ్డొస్తే పక్కకి జరుపుతాడు, అది పిల్ల చెయ్యలేదు కాబట్టి. ఇబ్ భయంతో స్పృహ తప్పితే తన కోటు కప్పి, లేచేదాకా అక్కడే కూర్చుంటాడు. కోటు జేబులో ఒక నిమ్మకాయ బిళ్ళ ఉంటే తినమని ఇస్తాడు. అతని గులాబీకి పది రేకులు, ఇబ్‌కున్నదానికి రెట్టింపు. పెద్దవాళ్ళకి ఓర్పు ఎక్కువ ఉండాలనేమో!

అన్నిటికంటే ముఖ్యంగా అతను చదివిపెడతాడు. ఇబ్‌కి తొమ్మిదేళ్ళే కదా. జపాను భాషలో కంజీ అనే అక్షరాలు వేలకొద్దీ ఉంటాయి. బడిలో ఏడాదికి కొన్ని చొప్పున నేర్పుతారు. తొమ్మిదేళ్ళ పిల్లకి అన్నీ రావు. అందుకని ఆట మొదట్లో చిత్రాల కింద పేర్లు చూస్తే, ఇబ్‌కి రాని మాటల చోట ప్రశ్నార్థకాలు కనబడతాయి. తను మాయమయ్యే ముందు చూసిన ఆ పెద్ద చిత్రం పేరు కూడా అంతే, చదవలేదు. గ్యారీ తోడయ్యాక మళ్ళీ చూస్తే అతను ఆ మాట చదివి చెబుతాడు. అప్పటిదాకా ప్రశ్నార్థకంగా ఉన్నదానికి ఒక పేరు వస్తుంది. పేరు తెలిశాక భయం పోతుందని కాదు. కానీ మనకి తెలియనిది పక్కవాళ్ళకి తెలుసన్న ధైర్యం ఒకటి వస్తుంది.

ఈ చిన్న ఏర్పాటు చూసి నేను చాలాసేపు ఆలోచనలో పడ్డాను. మన పిల్లలకి ఇండియా వెళితే ప్రతి బస్సు బోర్డూ, ప్రతి గుడి గోడా ప్రశ్నార్థకమే. ఇక్కడికొస్తే మన అమ్మానాన్నలకి ప్రతి ఉత్తరమూ, ప్రతి మందు సీసా ప్రశ్నార్థకమే. మధ్యలో ఉన్న మనం రెండూ వచ్చిన గ్యారీలం. కానీ మనం చదివిపెడుతున్నామా, లేక "నీకెందుకు, నేను చూసుకుంటాలే" అని కీబోర్డు లాక్కుంటున్నామా?

108 రెట్లు చిన్న తెర

కంప్యూటర్లతో బతికేవాణ్ణి కాబట్టి ఈ ఆట ఎలా తయారయిందో ఒక నాలుగు మాటలు చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. విసుగనిపిస్తే ఈ భాగం దాటేయండి.

2012లో వచ్చిన మొదటి 'ఇబ్'ని ఆర్‌పీజీ మేకర్ 2000 అనే సాఫ్ట్‌వేర్‌తో చేశారు. పేరులోనే ఉంది, అది 2000 సంవత్సరంలో జపాన్‌లో వచ్చింది. ప్రోగ్రామింగ్ రాకపోయినా సొంతంగా ఆటలు చేసుకోవచ్చునన్నది దాని ఉద్దేశం. తెర పరిమాణం అడ్డంగా 320 చుక్కలు, నిలువుగా 240. మొత్తం 76,800. ఇప్పుడు మన హాల్లో ఉండే 4కె టీవీలో 3840 అడ్డం, 2160 నిలువు. లెక్క వేసి చూడండి, సరిగ్గా 108 రెట్లు. అష్టోత్తరం అన్నమాట! ఆ చిన్న తెర మీద, చతురస్రపు పలకలు పేర్చి గదులు కట్టారు. మనం ముగ్గు చుక్కలు కలిపినట్టు.

లోపల యంత్రాంగం కూడా అంతే సులువు. రెండే రెండు పరికరాలు: స్విచ్చు, లెక్క. ఈ తలుపు తెరిచారా లేదా అన్నది స్విచ్చు. గ్యారీతో ఎన్నిసార్లు మంచిగా మాట్లాడారన్నది లెక్క. మొదటిసారి కదలని విగ్రహం రెండోసారి నడిచిందంటే, ఎక్కడో ఒక స్విచ్చు పడిందన్నమాట. పెద్ద పెద్ద కంపెనీలు వందలమందిని పెట్టి నిజంలాంటి దయ్యాలని గీస్తుంటే, ఇక్కడ ఒక స్విచ్చుతో నా కాఫీ ఒలికింది. బొమ్మ ఎంత చిన్నగా ఉంటే మిగతాది మన బుర్ర అంతగా పూరిస్తుంది. రాత్రి కరెంటు పోయినప్పుడు దండెం మీద పంచె దయ్యమైపోయేది కదా, అలాగ.

ఇలాంటి సొంత ఆటల సంప్రదాయం జపాన్‌లో ఎప్పటి నుంచో ఉంది. 1996లో వచ్చిన 'కార్ప్స్ పార్టీ', 2004లో వచ్చిన 'యుమె నిక్కి', 'ఇబ్' వచ్చిన 2012లోనే వచ్చిన 'ది విచెస్ హౌస్' అన్నీ ఈ కోవలోవే. కొన్నిటిలో రక్తపాతం ఎక్కువ, పిల్లలకి పనికిరావు. ఆ మధ్య 2023లో వచ్చిన 'ది ఎగ్జిట్ 8' మరీ చిత్రం. మెట్రో స్టేషన్‌లో ఒకే కారిడార్. మళ్ళీ మళ్ళీ అందులోనే నడవాలి. ఏదన్నా తేడా కనబడితే వెనక్కి తిరగాలి, లేకపోతే ముందుకి పోవాలి. అంతే ఆట! దాన్ని 2025లో సినిమాగా కూడా తీశారు.

కుందేళ్ళా, దయ్యాలా?

కాఫీ ఒలికిన మర్నాటి నుంచి మా ఇంట్లో పద్ధతి మారింది. కీబోర్డు పాప చేతిలో. నేను పక్కన. అటు పక్క నానమ్మ. తెర మీద వచ్చే ఇంగ్లీషుని నానమ్మకి తెలుగులో చెప్పే బాధ్యత పాపది. నేను మధ్యలో అందుకోకూడదు. అది మా అమ్మ పెట్టిన షరతు. "నువ్వు చెబితే కథ ఉండదురా, సారాంశం ఉంటుంది" అంది.

ఆ తెలుగు ఎలా ఉండేదంటే: "నానమ్మా, ఆ స్టాచ్యూ వస్తోంది... వాడికి తల లేదు... ఇప్పుడు మనం రన్... పరిగెడదాం!" మాట దొరక్కపోతే చేతులతో చూపించేది. 'రేకు' నేర్చుకుంది, 'కూజా' నేర్చుకుంది. వాడిపోవడం అనే మాట నానమ్మ చెబితే రెండుసార్లు అనుకుంది. నేను అయిదేళ్ళుగా ఆదివారం బళ్ళో దించి రావడం తప్ప చేసిందేమీ లేదు. ఇక్కడ నానమ్మకి చెప్పకపోతే కథ ముందుకి నడవదు, అందుకే మాటలు వచ్చాయి.

అంతలో ఒక గది వచ్చింది. అల్మరాల నిండా ఎర్రకళ్ళ కుందేలు బొమ్మలు. పాపకి ముద్దుగా ఉన్నాయి. కానీ గ్యారీ మాత్రం ఈ గది భయంకరంగా ఉంది, త్వరగా వెళ్ళిపోదామంటాడు. ఎందుకో మాకు అర్థం కాలేదు. చాలాసేపటి తరవాత, గ్యారీ విడిగా తిరిగే భాగం ఒకటి వస్తుంది. అప్పుడు చూస్తే అవి కుందేళ్ళు కావు, ఒళ్ళు జలదరించే వికృతమైన బొమ్మలు! ఒకే గది. పిల్ల కళ్ళకి ఒకలా, పెద్దవాడి కళ్ళకి ఒకలా.

"అయితే ఎవరు కరెక్ట్?" అంది పాప.

మా అమ్మ తడుముకోకుండా, "ఇద్దరూ చూసింది నిజమే. ఒకళ్ళనొకళ్ళు అడగలేదు, అదీ తప్పు" అంది.

నేను బాపు బొమ్మ వైపు చూశాను. నాకు అది వాలుజడ, వారచూపు. నా కూతురికి చీకట్లో వెంటవచ్చే కళ్ళు. నేను అడగలేదు కదా.

ఆ రాత్రి పాపని పడుకోబెట్టే ముందు మా అమ్మ తనని బొమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. ఇద్దరూ కలిసి దాన్ని ఇటు తిప్పారు. "ఈ అమ్మాయి అటు చూస్తోందే, నీ వంక కాదు. వాళ్ళ బావ వస్తున్నాడేమోనని చూస్తోంది" అని ఒక కథ చెప్పింది. ఆ కథ అప్పటికప్పుడు అల్లినదే, సందేహం లేదు. భయం పూర్తిగా పోయిందని చెప్పను. కానీ మర్నాడు బొమ్మ తిరగలేదు.

తన్నాలా, వద్దా?

ఈ ఆటకి ముగింపు ఒకటి కాదు, అరడజనుకి పైనే ఉన్నాయి. ఏది వస్తుందన్నది మనం చేసే చిన్న చిన్న పనుల మీద ఆధారపడి ఉంటుంది. ఒక గదిలో అద్దం ఉంటుంది. అందులో చూస్తే వెనకాల బొమ్మ తల ఒకటి ప్రత్యక్షమవుతుంది. బెదిరిపోయిన గ్యారీ దాన్ని తన్నబోతాడు. ఆపాలా, తన్ననివ్వాలా? ఆపడానికి మనకి పట్టేది ఒక్క మీట. ఆ గ్యాలరీలో వస్తువులు ఎన్ని పాడుచేశాం, తోడున్నవాళ్ళతో ఎంత కలివిడిగా ఉన్నాం అన్నది ఆట లోలోపల లెక్కవేసుకుంటూ ఉంటుంది. మార్కులు తెర మీద ఎక్కడా కనబడవు. చివర్లోనే తెలుస్తుంది. అంతా అయ్యాక "అయ్యో, అక్కడ అలా చెయ్యకుండా ఉండాల్సింది" అనిపిస్తుంది. మన జీవితంలో మార్కులు వేసేవాడు కూడా ఇదే పద్ధతి పాటిస్తున్నట్టున్నాడు!

దారిలో మేరీ అనే ఇంకో పిల్ల కలుస్తుంది. పసుపుపచ్చ గులాబీ. ఇబ్ వయసుదే. తనకి స్నేహితులు కావాలి, ఎలాగైనా బయటి ప్రపంచంలోకి రావాలి. ఆమె గురించి ఇంతకంటే చెబితే మీకు ఆట చెడిపోతుంది. ఒక్కటి మాత్రం చెబుతాను. ఆ పిల్ల విషయంలో మా ఇంట్లో మూడు తరాల మధ్య రెండు రోజులు వాదన జరిగింది. ఒంటరిగా వదిలేసినవాళ్ళు చెడ్డపని చేస్తే తప్పు ఎవరిది? బేతాళుడు అడిగితే విక్రమార్కుడు కూడా కాస్త ఆగి ఆలోచించే ప్రశ్నే.

మీరూ ఆడాలనుకుంటే

పూర్తిచెయ్యడానికి మొదటిసారి మూడు నాలుగు గంటలు పడుతుంది. రోజుకి ఒక అరగంట చొప్పున మాకు వారం రోజులు వచ్చింది. పదేళ్ళ లోపు పిల్లలకి నేనైతే ఇవ్వను. పదేళ్ళు దాటినా ఒంటరిగా వద్దు. వెంటబడి తరిమే ఘట్టాలున్నాయి, ఓడిపోతే పాప పడిపోతుంది, కొన్ని ముగింపులు బాగా బాధపెడతాయి. రాత్రి పడుకునే ముందు కాకుండా మధ్యాహ్నం ఆడండి. ఆపమంటే ఆపెయ్యండి, వెక్కిరించకండి. చిక్కుముడి మీకు ముందే తెలిసిపోయినా నోరు కట్టేసుకోండి. నాలాంటివాళ్ళకి ఇదే అన్నిటికంటే కష్టం. తాతయ్యలో అమ్మమ్మలో ఇంట్లో ఉంటే వాళ్ళనీ కూర్చోబెట్టండి. వాళ్ళకి కంప్యూటరు రాదని మనం అనుకుంటాం గాని, ప్రాణం ఇంకెక్కడో ఉండే కథలు మనకంటే వాళ్ళకే బాగా తెలుసు.

మా మొదటి ముగింపు మంచిది కాదు. ఎవరు మిగిలారో ఎవరు మిగల్లేదో చెప్పను గాని, పాప ఏడ్చింది. నాకు వెంటనే నోట్లోకి వచ్చిన మాట "ఆట కదమ్మా" అన్నది. ఈసారి మింగేశాను. మా అమ్మ కొంగుతో పాప మొహం తుడిచి, "మళ్ళీ మొదట్నుంచి ఆడచ్చా?" అని అడిగింది. ఆడచ్చంది పాప. "అయితే ఏడవకు. రేపు ఆ చేతిరుమాలు మర్చిపోకుండా ఇద్దాం" అంది. ఆ రుమాలు సంగతి అంతసేపూ గుర్తుపెట్టుకున్నది మా ముగ్గురిలో ఆవిడొక్కతే.

ఫిబ్రవరిలో అమ్మని విమానం ఎక్కించాం. అప్పటికి నాలుగు ముగింపులు చూశాం. ఇప్పుడు ఆదివారాలు ఫోన్లో మాట్లాడేటప్పుడు ముందు నన్ను పలకరించి, తరవాత "దాన్ని పిలు" అంటుంది. మొన్న వినబడింది:

"ఏమే, ఆ పసుపుపచ్చ పువ్వు పిల్ల సంగతేమయింది? బయటికొచ్చిందా?"

"చూడలేదు నానమ్మా. నువ్వు వచ్చాక ఆడదాం. నేను సేవ్ చేసి పెట్టాను."

బాపు బొమ్మ ఇటే తిరిగి ఉంది. రాత్రిళ్ళు మా అమ్మాయి దాని ముందు నుంచి ఇంకా కొంచెం త్వరగానే నడుస్తుంది. నేనూ అంతే.